కట్ట కింది చామంతి

మల్న్యోకి భయం పుట్టుకతో వచ్చింది కాదు. పెనిమిటి ఒక పొగమంచు పొద్దున బురదమేటల మీదికి ఆల్చిప్పలు ఏరడానికి పోయి, దారి తెలీక, వెనక్కి వస్తున్న సముద్రపు పోటుకి చిక్కి ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పుడు కొడుకు పాన్‌సోక్ ఇంకా వీపున కట్టుకు తిరిగే బిడ్డ. ఆనాటి నుంచీ వాడు ఒకసారి దగ్గితే ఆమెకి క్షయ కనబడేది, ఇంకోసారి దగ్గితే పాడె కనబడేది. వాడు బడికి పోయే రోజుల్లో ఓ సాయంత్రం ఇల్లు చేరలేదని ఊరు ఊరంతటినీ పొలాలమ్మట తోలింది. తూములో గెడలు పెట్టి వెతికించింది. వాడేమో గడ్డివాములో నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. అప్పట్నుంచీ ఊళ్ళో ఒక మాట నిలిచిపోయింది: "పాన్‌సోక్ వాళ్ళమ్మ గొడుగు తీసిందా, ఇంకేం, మిరపకాయలు ఎండబోసుకోవచ్చు."

ఆ మాటకి ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే ఓసారి ఆకాశం కేసి చూసుకునేది.

జొల్లా తీరాన వాళ్ళ ఊరి పొలాలన్నీ ఒకప్పుడు సముద్రమే. పాతతరం వాళ్ళు కట్ట వేసి సముద్రాన్ని అవతలికి నెట్టారు. ఇవతల మిగిలిన ఉప్పునేలని ఏళ్ళ తరబడి వాననీళ్ళతో కడిగి కడిగి మడులు చేసుకున్నారు. నేల తీపెక్కుతోందా లేదా అన్నది వాళ్ళు మొక్కల్ని బట్టే చూసుకునేవారు. ముందు ఎర్రెర్రగా ఉప్పుకూర మొలుస్తుంది. అది పలచబడ్డాక ఉప్పుచామంతి వస్తుంది. చామంతిని రెల్లు తరుముతుంది. రెల్లు వచ్చిన నేలలో ఇక వరి నాటుకోవచ్చు. అక్కడి పిల్లలకి అక్షరాలకంటే ముందు ఈ వరస నోటికొచ్చేది. అందుకే ఆ ఊళ్ళో ఉప్పుచామంతి అంటే మంచి శకునం. అది కనబడిందంటే సముద్రం వెళ్ళిపోతోందని లెక్క. వెళ్ళిపోయిన చోటికి అది తిరిగొస్తే ఏమిటన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అలా ఎప్పుడూ జరగలేదు మరి.

ఆ ఏడు కలుపుల కాలంలో మల్న్యో దాన్ని కొడుకు మడిలో చూసింది.

పాన్‌సోక్‌కి వాటాకొచ్చిన మడి సరిగ్గా కట్ట పాదాన ఉంది. ట్రాక్టరు దగ్గరుంటుందని, పొద్దస్తమానం నడిచే బాధ తప్పుతుందని, పెళ్ళయ్యాక ఇల్లు కూడా అక్కడే కట్టుకున్నాడు. తల్లి మాత్రం కొండవార ఉన్న పాత ఇంట్లోనే ఉండిపోయింది. కట్టకి అంత దగ్గర్లో ఇల్లంటే ఆమెకి అన్నం సహించేది కాదు. ఏటా ఏడో నెల పున్నమికి ఏడాది మొత్తంలోకీ పెద్ద పోటు వస్తుంది. ఆ నాలుగు రోజులూ కొడుకునీ కోడల్నీ పరుపులతో సహా తన ఇంటికి లాక్కొచ్చి పడేసేది. ఈసారి కోడలు మీరాన్‌కి నెలలు నిండుతున్నాయి. కాళ్ళు కుండల్లా ఉబ్బాయి. ఆ ఏటవాలు దారి ఎక్కడం తనవల్ల కాదని ముందే చెప్పేసింది.

మొక్క జానెడు ఎత్తుంది. కాండం మొదట్లో ఎరుపు, ఆకు సన్నం, కానీ వేళ్ళతో నొక్కితే దళసరిగా, నీరు పట్టినట్టు ఉంది. మల్న్యో ఒక ఆకు తుంచి నమిలింది. ఉప్పగా తగిలింది. గట్టు పొడవునా అలాంటివే ఇంకా ఉన్నాయి. వాటి పక్కన వరి కొసలు ఎర్రబారి ఉన్నాయి.

"ఒరేయ్, ఇలా రా. ఇదేంటో చూడు."

పాన్‌సోక్ ట్రాక్టరు దిగి వచ్చి చూశాడు. "పిచ్చిమొక్క."

"ఉప్పుచామంతి రా ఇది! సముద్రం కట్ట కిందనుంచి దూరుతోంది."

"అమ్మా, దారి పక్కన, కాలవ పక్కన, బస్సులు ఆగే చోట, ఎక్కడ చూసినా ఈమధ్య ఇలాంటిదే మొలుస్తోంది. చీపురు చామంతి అంటున్నారు. ఎక్కడినుంచో వచ్చిపడింది."

"మరి వరి కొసలు?"

"ఎరువు కాస్త ఎక్కువైంది. ఇంకోటి చూడు, ఈ మడిలో ఊదగడ్డి ఒక్క పరక కూడా లేదు. ఈసారి కొట్టిన మందు భలే మందమ్మా. నీ నడుముకి విశ్రాంతి."

నిజమే, ఆ మడి శుభ్రంగా ఉంది. ఆమెకి తీయడానికి కలుపే లేదు. ఆ ఒక్క సంగతికి మాత్రం ఆమెకీ సంతోషమే వేసింది.

అయినా ఊరుకుంటుందా! మొక్కని వేళ్ళతో సహా పెకలించి, కొంగులో చుట్టుకుని కట్ట కాపలాదారు గూ ముసలాయన దగ్గరికి పోయింది. ఆయన ఆమె పెనిమిటికి పెదనాన్న కొడుకు. రోజూ చేతికర్ర పట్టుకుని కట్ట ఈ చివర్నుంచి ఆ చివరికి నడవడం ఆయన పని. అప్పటికే ఇమ్‌సిల్ వదిన అక్కడ కూర్చుని వెల్లుల్లి జడలల్లుతోంది. ఇమ్‌సిల్ అన్నది ఆ వదిన పుట్టినూరు. అసలు పేరు ఏమిటో అందరూ మరిచిపోయి చాలా కాలమైంది.

"వచ్చిందండీ గొడుగు," అంది ఇమ్‌సిల్ వదిన.

"నువ్వు నోరు ముయ్యి వదినా. బావగారూ, ఇది కాస్త చూసి చెప్పండి."

గూ ముసలాయన మొక్కని వెలుగుకేసి తిప్పాడు. వాసన చూశాడు. ఆకు కొరికి, తుపుక్కున ఉమ్మాడు. "చెప్పలేం మరదలా. లేతప్పుడు ఈ రెండూ ఒక కడుపున పుట్టిన కవలల్లాగే ఉంటాయి. పువ్వొస్తే గానీ తేలదు. ఉప్పుచామంతైతే ఊదా రంగు పువ్వు, నాణెమంత వెడల్పు, నడుమ పసుపు. చీపురుదైతే తెల్లగా, చిన్నగా, ఇదీ ఒక పువ్వేనా అనిపిస్తుంది."

"ఉప్పుచామంతే అయితే?"

"అయితే మంచిదేగా. ఉప్పు దిగిపోతోందన్నమాట."

"ఇన్నేళ్ళుగా వరి పండుతున్న మడిలో ఇప్పుడు దిగడమేమిటండీ బావగారూ! దిగడం కాదు, ఎక్కుతోంది."

ఆయన కర్ర నేల మీద ఆనించి, "కట్ట మీద నేను రోజూ నడుస్తున్నాను. చీలిక లేదు, జారుడు లేదు," అన్నాడు.

"పీతల బొరియలు?"

"పీతలు లేని కట్ట ఏ దేశంలో ఉందో చెప్పు, అక్కడికే పోయి కాపలా కాస్తాను."

ఇమ్‌సిల్ వదిన పడీ పడీ నవ్వింది. "పీతలకి కూడా పెళ్ళాం పిల్లలుంటారే మల్న్యో. వాళ్ళనీ మీ ఇంటికి తీసుకుపో ఈ పున్నమికి."

ఆ సాయంత్రం కొడుకింట్లో పెద్ద రగడ జరిగింది. మల్న్యో మాత్రం పట్టు వదల్లేదు. పున్నమికి ముందే మీరాన్‌ని ట్రాక్టరు మీదైనా ఎక్కించి కొండవారకి తెచ్చెయ్యమంది. ట్రాక్టరు కుదుపుకి దారిలోనే కాన్పవుతుందని పాన్‌సోక్ అన్నాడు. మీరాన్ గోడకి జారబడి, ఉబ్బిన కాళ్ళు దిండు మీద పెట్టుకుని ఇద్దరినీ వింటోంది. జొంజు పట్నంలో పుట్టి పెరిగిన పిల్ల. నోరు చురుకు, మనసు మంచిది.

"అత్తయ్యా, పోయినేడు గ్యాసు బండ పేలుతుందన్నారు. అంతకుముందు ఆ పక్కింటి కుక్కకి పిచ్చన్నారు. ఆ కుక్క ఇప్పుడు నాతోపాటే అన్నం తింటోంది."

"ఆ కుక్క సంగతి వేరు."

"పోనీ ఒక పని చేద్దాం," అన్నాడు పాన్‌సోక్ విసుగ్గా. "దానికి పువ్వు పుయ్యనీ. ఊదాగా పూసిందా, అదే రోజు మీరాన్‌ని నా వీపు మీద మోసుకుని నీ ఇంటికి తెస్తాను. తెల్లగా పూసిందా, పున్నమి మాట ఎత్తకూడదు. మా ప్రాణం తియ్యకూడదు. సరేనా?"

ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నాక భయం ఇంకోవైపు తిరిగింది. పున్నమికి ముందే పువ్వు రాకపోతే? ఊరివాళ్ళు కలుపుతీతల చేతిసాయానికొచ్చి అన్నిటితోపాటు దాన్నీ పీకేస్తే? అందుకని ఒకదాన్ని మట్టితో సహా తవ్వి, అంచు పగిలిన సోయా జాడీలో నాటి, కొడుకింటి వాకిట్లో ఎండ తగిలేచోట పెట్టింది. మిగతావి ఆమె అనుకున్నట్టే అయ్యాయి. చేతిసాయం రోజున ఇమ్‌సిల్ వదినే అందరికంటే ముందు వాటిని పీకి గట్టు మీద పారేసింది. "నీ దిగులు కూడా పీకేశాను పో," అంది.

ఇక మల్న్యో రోజూ కట్ట ఎక్కి అవతల నుంచి చెంబుతో సముద్రం నీళ్ళు తెచ్చి ఆ జాడీలో పోసేది. ఉప్పుకి తట్టుకుని నిలబడిందంటే అది సముద్రపు మొక్కే, తట్టుకోకపోతే చస్తుంది, పీడా పోతుంది. ఇది ఆమె లెక్క.

"మొక్కకేమో సముద్రం పోస్తారు," అంది మీరాన్ ఓ రోజు గుమ్మంలో కూర్చుని. "నాకేమో కాళ్ళు ఉబ్బుతాయని చారులో ఉప్పు వెయ్యనివ్వరు. మీ మనవడు బయటికొచ్చాక మొదట అడిగేది ఉప్పే చూడండి."

"మనవరాలు కావచ్చుగా."

"మీరే భయపడుతూ మనవరాలు మనవరాలు అంటున్నారు, నిజంగా కొడుకే పుడతాడు. మీరు అనుకున్నది ఎప్పుడైనా అయిందా?"

ఆ మాటకి ఇద్దరూ నవ్వుకున్నారు. మల్న్యో కోడలి కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని మెల్లగా నొక్కింది. వేలు పెట్టిన చోట గుంట పడి, ఎంతసేపటికో గానీ పూడలేదు. ఆ గుంటని చూస్తే కూడా ఆమెకి భయమే వేసింది. కానీ పైకి అనలేదు.

మొక్క చావలేదు. ఉప్పునీళ్ళు తాగి తాగి ఆకులు ఇంకా దళసరెక్కాయి. మల్న్యోకి అనుమానం తీరిపోయింది. పువ్వు కోసం ఎదురుచూడటం ఉత్త లాంఛనమే అనుకుంది. కొండవార ఇంట్లో లోపలి గది తుడిచి, గచ్చుని వెచ్చబెట్టే నేలకింది పొయ్యి రాజేసి చెమ్మ ఆరబెట్టింది. కొని దాచిన కొత్త దుప్పటి తీసి పరిచింది.

పున్నమి దగ్గరపడ్డాక ఒక పొద్దున జాడీలో మొగ్గ విడింది. తెలుపు. బియ్యపు గింజంత రేకులు, చుట్టూ పేర్చినట్టు. మర్నాటికి కొమ్మ కొమ్మకీ అవే. మొక్క నిజంగానే చీపురుకట్టలా విచ్చుకుంది.

గూ ముసలాయన్ని కూడా పిలిపించారు. ఆయన వంగి చూసి, "చీపురుది. సందేహమే లేదు," అన్నాడు.

"మరి ఉప్పునీళ్ళు పోసినా బతికిందే?" అంది మల్న్యో.

"మొండిది మరదలా. తీపిలో పెట్టు, ఉప్పులో పెట్టు, రోడ్డు మీద పెట్టు, బతుకుతుంది. దానికి కులం గోత్రం లేదు."

పాన్‌సోక్ తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. వాడిలో ఎగతాళి లేదు, అలసిపోయినవాడి నెమ్మదే ఉంది. "ఇక చాలమ్మా. నువ్వు భయపడితే నాకేం కాదు, మీరాన్‌కి నిద్ర పట్టడం లేదు. నీ మొహం చూసి చూసి దానికీ కట్ట కలలోకొస్తోందట."

ఆ మాట మల్న్యోకి చాలా లోపలికి దిగింది. నా భయమే ఈ పిల్ల కడుపుకి చెరుపు చేసేట్టుంది అనుకుంది. జన్మలో మొదటిసారి తన మీద తనకి కోపం వచ్చింది. కోడలితో, "తప్పయింది తల్లీ. ఇక నోరెత్తను," అంది. మీరాన్ ఆమె చెయ్యి తీసి తన పొట్ట మీద పెట్టుకుంది. లోపలి బిడ్డ తన్నింది.

పున్నమి రోజున ఆ ఊళ్ళో తొలికలు, అంటే కలుపు తీసే చిన్నపారలు, కడిగే పండగ. కలుపు తీతలు అయిపోయాయి, ఇక కోతలదాకా చేతికి తెరపి అని చెప్పి, ఇంటింటి కలుపుతొలికలూ తెచ్చి సావిడి ముందు కాలవలో కడిగి వరసగా ఆరబెడతారు. బియ్యపు కల్లు తాగుతారు, కోళ్ళు కోస్తారు, కుర్రాళ్ళు కుస్తీ పడతారు. సావిడి కొండవారే ఉంది. పాన్‌సోక్ పొద్దున్నే వచ్చేశాడు. మీరాన్ రాలేదు. ఎండ తగ్గాక తనకి కోడిపులుసు పంపమని చెప్పి, ఇంట్లో పడుకుంది.

ఆకాశంలో మబ్బు తునక లేదు, గాలి కూడా లేదు. పోటు మధ్యాహ్నం దాటాక నిండుతుందని అందరికీ తెలుసు. పొద్దుటినుంచీ మల్న్యోకి, "వెళ్ళి దాన్ని తీసుకురారా," అనే మాట నోటిదాకా వస్తూనే ఉంది. వచ్చినప్పుడల్లా కిమ్చీ పచ్చడి ముక్క ఒకటి నోట్లో వేసుకుని మింగేసింది. ఇమ్‌సిల్ వదిన అది కనిపెట్టింది.

"ఏమే, ఇవాళ సూర్యుడు పడమట పొడిచాడా? పున్నమి పోటొస్తుంటే కుదురుగా కూర్చుని తింటున్నావు!"

"మారాను వదినా."

"మారకు తల్లీ మారకు. నువ్వు మారితే మిరపకాయలు ఎప్పుడు ఎండబోసుకోవాలో మాకెవరు చెబుతారు?"

ఆడవాళ్ళందరూ ఘొల్లుమన్నారు. మల్న్యో కూడా నవ్వుతూ లేచి, కడిగిన తొలికలు వరసగా సర్దసాగింది. ఒక్కొక్కటే చేతికి తీసుకుంటోంది. ఇమ్‌సిల్ వాళ్ళది సగానికి అరిగి చంద్రవంకలా అయింది. గూ వాళ్ళ కోడలిది మొన విరిగింది.

"అదా? ఊదగడ్డి అక్కా, ఊదగడ్డి," అంది గూ కోడలు. "ఈ ఏడు ఎంత మందు కొట్టినా ఒకటే మొలక. నా గోళ్ళు చూడు."

"మందు నకిలీ అయ్యుంటుంది. ఊరందరం ఒకే బండిలోది తెచ్చుకున్నాంగా," అని ఇంకెవరో అన్నారు.

పాన్‌సోక్ తొలిక చేతికొచ్చింది. అది అరగలేదు. అంగడి నుంచి తెచ్చినప్పటి మెరుపు అంచున ఇంకా ఉంది.

మల్న్యో దాన్ని పట్టుకుని నిలబడిపోయింది. అందరూ ఒకే మందు కొట్టారు. అందరి మడుల్లోనూ గడ్డి మొలిచింది. కట్ట కింద తప్ప. అక్కడ మందు పనిచెయ్యలేదు. అక్కడ నేలే గడ్డిని చంపింది. వరిని కొసల నుంచి చంపుతూ వచ్చింది. దేన్నైనా తట్టుకునే ఆ మొండి మొక్క ఒక్కటే మిగిలింది. ఊదాయా తెలుపా అని ఊరంతా దాని పువ్వు కేసి చూశారు, తనూ పువ్వు కేసే చూసింది. పక్కన ఏం చచ్చిందో చూడలేదు.

"పాన్‌సోక్!" అని అరిచింది.

వాడు కుస్తీ బరిలో ఉన్నాడు. చుట్టూ ఈలలు, డోలు. రెండోసారి అరిచింది. ఎవరో, "ఇదిగో, ఇప్పుడు మొదలెట్టింది," అని నవ్వారు. ఆమె జనాన్ని తోసుకుని బరిలోకి దూరి కొడుకు మెడ పట్టుకుంది.

"మీరాన్‌ని తేరా! పోరా! కట్ట కింద ఉప్పెక్కింది, కట్ట లోపల డొల్ల!"

"అమ్మా, మాటిచ్చావు..."

వాడి మాట పూర్తి కాలేదు. అంత చప్పుడేమీ కాలేదు. పెద్ద మూట నేల మీద పడేసినట్టు ఒక దుబ్బుమన్న శబ్దం కింద నుంచి వచ్చింది, అంతే. డోలు వాయించేవాడు ఆగిపోయాడు. అందరూ పొలాల వైపు తిరిగారు. కట్టలో కొంత మేర లేదు. అక్కడ ఆకాశం కిందిదాకా దిగినట్టు కనబడింది. దాని కిందనుంచి నీళ్ళు అలలుగా కూడా కాదు, చాప విప్పి పరిచినట్టు, పచ్చటి మడుల మీద మట్టిరంగు పరుచుకుంటూ వస్తున్నాయి. పాన్‌సోక్ ఇంటి కప్పు కాసేపు కనబడింది. మొదట ట్రాక్టరు కొట్టం వాలింది. తర్వాత ఇల్లు.

పాన్‌సోక్ పరిగెత్తాడు. మగవాళ్ళందరూ పరిగెత్తారు. మల్న్యో కూడా పరిగెత్తింది, కానీ ముసలి మోకాళ్ళు ఎంత దూరం మోస్తాయి? దారి మధ్యలో నడుము లోతు నీళ్ళు ఎదురొచ్చి ఆపేశాయి. అక్కడే గట్టు మీది కరెంటు స్తంభాన్ని కావలించుకుని నిలబడింది. నోటికొచ్చినట్టు కోడల్ని పిలిచింది. నీళ్ళ మీద పచ్చడి జాడీలు, చెప్పులు, పరుపు తేలుకుంటూ వచ్చాయి. పక్కింటి కుక్క ఈదుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గర గట్టెక్కింది.

పాటు మొదలై నీరు తీశాక మీరాన్‌ని తెచ్చారు. వాకిలి తలుపు ఊడబెరికి దాని మీద పడుకోబెట్టి తెచ్చారు. ఆమె గుమ్మం దాటింది, దారి దాకా వచ్చింది. ఉబ్బిన కాళ్ళతో అంతకంటే రాలేకపోయింది. పొట్ట మీద రెండు చేతులూ బిగిసిపోయి ఉన్నాయి. ఎవరూ వాటిని విడదీయలేదు.

సావిడి అరుగు మీద దుప్పటి కప్పారు. మల్న్యో కొని దాచిన కొత్త దుప్పటే. ఇమ్‌సిల్ వదిన వచ్చి ఆమె పక్కన కూలబడింది. గూ ముసలాయన చేతికర్ర ఎక్కడో పోయింది. ఖాళీ చేతులతో నిలబడి, "నేను కట్ట మీద నడిచాను. రోజూ మీదే నడిచాను," అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు.

పాన్‌సోక్ ఒంటినిండా బురదతో తల్లి ముందు నిలబడ్డాడు. వాడు తిడతాడనుకుంది, కొడతాడేమో అనుకుంది. కొట్టినా బాగుండుననుకుంది.

"జన్మంతా నోరు మూయలేదు కదమ్మా," అన్నాడు. "ఈ ఒక్కసారి ఎందుకు మూశావు?"

వాడి గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతున్నవాడిలా అడిగాడు. ఆమె, నీ మాట విన్నాను నాయనా అందామనుకుంది. అది మాత్రం చచ్చినా అనకూడదని నాలుక కరుచుకుంది.

అప్పుడే కింద నుంచి కేకలు వినబడ్డాయి. తర్వాతి పోటు దీనికంటే పెద్దది. గండి పూడకపోతే కొండవార దాకా వస్తుంది. చీకటి పడేలోపు బస్తాలు పడాలి. ఏడ్చేవాళ్ళు ఏడుస్తూనే లేచారు. పండగకి తెచ్చిన బియ్యం బస్తాలు గుమ్మరించి ఖాళీ చేశారు, వాటిలో మట్టి నింపారు. ఆడా మగా వరస కట్టారు. మీరాన్ దగ్గర ఇమ్‌సిల్ వదిన కూర్చుంది.

మల్న్యో కూడా ఒక బస్తా నెత్తికెత్తించుకుంది. మెడ నరాలు తెగిపోతున్నట్టున్నాయి. బురదలో కాళ్ళు దిగబడుతుంటే ఒక్కొక్క అడుగే లాక్కుంటూ గండి అంచుకి చేరింది. అక్కడ రొమ్ములోతు నీళ్ళలో నిలబడి బస్తాలు అందుకుంటున్నది పాన్‌సోకే. వాడు తలెత్తి ఎవరని చూడలేదు. చేతులు చాచి ఆమె నెత్తి మీది బరువు దించుకున్నాడు, గండిలో పెట్టి కాలితో తొక్కాడు, ఇంకోదానికోసం మళ్ళీ చేతులు చాచాడు.

ఆమె ఇంకో బస్తా తేవడానికి వెనక్కి తిరిగింది.